నీళ్ళకి వాటాలున్నాయి, ఒండ్రుకి లేవు

మాది కోనసీమ. నా చిన్నప్పుడు మా పెరట్లో బోరు వేయించారు. మొదట నల్ల బంకమన్ను వచ్చింది. తర్వాత ఇసుక. ఇంకా లోతుకి పోయాక బూడిదరంగు బురదలో గవ్వలూ, ఆల్చిప్ప ముక్కలూ వచ్చాయి. సముద్రం చూడాలంటే బస్సెక్కి పోవలసిన ఊరు మాది. మా మామ్మ ఆ గవ్వల్ని కడిగి, పసుపు రాసి దేవుడి గూట్లో పెట్టింది. "గోదారమ్మ మహిమరా" అంది. చుట్టుపక్కల వాళ్ళొచ్చి దణ్ణం పెట్టుకుని వెళ్ళారు.

ఆ గవ్వలు చెబుతున్న కథ మామ్మ చెప్పిన దానికంటే పెద్దదని నాకు చాలా ఏళ్ళకి గాని తెలియలేదు.

నది కొండల్లోంచీ, దక్కను పీఠభూమి మీంచీ మట్టిని మోసుకొస్తుంది. వేగం ఉన్నంతసేపే ఆ మోత. సముద్రంలో కలిసేచోట వేగం పడిపోతుంది. బరువైన ఇసుక ముందు దిగిపోయి మొగ దగ్గరే మేట వేస్తుంది. సన్నటి బంకమట్టి ఇంకా ముందుకి పోతుంది. ఉప్పునీళ్ళు తగలగానే దాని రేణువులు ఒకదానికొకటి అంటుకుని, ముద్దకట్టి, సముద్రం అడుక్కి చేరతాయి. అంటే తీరానికి దూరంగా బురద, తీరంలో ఇసుక, తీరం వెనక వరద వదిలే ఒండ్రు. ఏటేటా మొగ ముందుకి జరుగుతుంటే నిన్నటి బురద మీద నేటి ఇసుక పడుతుంది, దాని మీద రేపటి ఒండ్రు పడుతుంది. మా పెరట్లో పైనుంచి కిందికి వచ్చిన వరస సరిగ్గా ఇదే. మా ఇంటి కింద ఒకప్పుడు సముద్రం ఉండేది. దాన్ని పూడ్చింది వరద.

ఈ పొరల లెక్కని మొదట స్పష్టంగా చెప్పినవాడు గ్రోవ్ కార్ల్ గిల్బర్ట్. 1880లలో అమెరికాలో బోన్నెవిల్ అనే ఎండిపోయిన పురాతన సరస్సు ఒడ్డున అతను పాత డెల్టాల్ని పరిశీలించాడు. అడుగున చదునైన పొరలు, మధ్యలో ఏటవాలు పొరలు, పైన మళ్ళీ చదునైన పొరలు. మన తీరంలో వాలు అంత నిటారుగా ఉండదు గాని, సూత్రం అదే.

"యుగయుగాల పుణ్యభూమి" అంటారు మనవాళ్ళు. నిజానికి ఈ నేల చాలా చిన్నది. మంచుయుగం అయిపోయాక సముద్ర మట్టం పెరిగి పెరిగి నెమ్మదించిన తర్వాత, సుమారు 8500 నుంచి 6500 ఏళ్ళ కిందట, ప్రపంచంలోని నేటి డెల్టాలు చాలావరకు మొదలయ్యాయి. మనిషి వ్యవసాయం నేర్చిన తర్వాత పుట్టిన నేల ఇది.

మరి అన్ని డెల్టాలూ ఒకేలా ఎందుకు లేవు? మిసిసిపీలో నదిదే పైచేయి, అందుకే పక్షి పాదంలా సముద్రంలోకి చొచ్చుకుపోయింది. సుందరబన్లలో పోటుపాట్లు బలంగా ఉంటాయి, అందుకే తీరమంతా పాయలుగా చీలిపోయింది. మన గోదావరి దగ్గర అలలు బలమైనవి. నది తెచ్చిన ఇసుకని తీరం వెంట పరిచి ఇసుక దిబ్బలుగా కడతాయి. డెల్టా లోపల, సముద్రానికి ఎంతో దూరంలో, తాటిచెట్లతో కనిపించే ఇసుక దిబ్బలు ఒకప్పటి సముద్రతీరాలే. కాకినాడకి అడ్డుగోడలా నిలిచిన హోప్ ఐలాండ్ కూడా గోదావరి ఇసుకని అలలు ఉత్తరానికి తోస్తే ఏర్పడిన తిన్నెే. కాకినాడ రేవుకి దొరికిన రక్షణ ఈ ఇసుక పుణ్యమే.

ఇక సప్త గోదావరుల సంగతి. ఏడుగురు ఋషులు నదిని ఏడు పాయలు చేశారని కథ. ఇవాళ ధవళేశ్వరం దిగువన చూస్తే గౌతమి, వశిష్ఠ, వశిష్ఠలోంచి చీలిన వైనతేయ ప్రధానంగా కనిపిస్తాయి. తుల్యభాగ ఇప్పుడు ఒక మురుగు కాలవ. ఋషి ఇచ్చిన పాయ ఎండిపోతుందా? నది తన మేటతో తన దారినే ఎత్తు చేసుకుంటుంది. అప్పుడు పల్లంగా ఉన్న కొత్త దారి వెతుక్కుంటుంది, పాత పాయ చచ్చిపోతుంది. పాయలు మారడాన్ని జనం గుర్తుపెట్టుకున్నారు, కారణం తెలియక ఋషులకి అంటగట్టారు. వాళ్ళని నేను తప్పుపట్టను. కారణం తెలిసిన తర్వాత కూడా మనం చేస్తున్నదాన్నే తప్పుపడతాను.

డెల్టా కట్టడం పూర్తయిన ఇల్లు కాదు. అడుగున ఉన్న మెత్తటి బురద తన బరువుకి తనే కుంగుతూ ఉంటుంది. అలలు అంచుని కోస్తూ ఉంటాయి. ఏటా వచ్చే ఒండ్రు ఈ రెండు నష్టాల్నీ పూడుస్తుంది. ఒండ్రు ఆగితే లెక్క తలకిందులవుతుంది.

ఆ ఒండ్రు ఎక్కడ ఆగింది? శ్రీశైలం జలాశయం కట్టినప్పుడు దాని సామర్థ్యం 308 టీఎంసీలు. పూడిక వల్ల తర్వాతి సర్వేలో తేలింది సుమారు 215. అంటే 90 టీఎంసీలకి పైగా చోటుని మట్టి ఆక్రమించింది. ఆ మట్టిలో కొంతైనా కృష్ణా డెల్టాకి చేరవలసింది. ఆ డెల్టాకి చేరే ఒండ్రు 90 శాతానికి పైగా తగ్గిందని 2009లో నేచర్ జియోసైన్స్ పత్రికలో వచ్చిన 33 డెల్టాల అధ్యయనం చెప్పింది. గోదావరి డెల్టా తీరం 1976-2001 మధ్య నికరంగా సుమారు 18 చదరపు కిలోమీటర్ల నేల కోల్పోయిందని ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు 2004లో కరెంట్ సైన్స్‌లో రాశారు. దివిసీమలో 1977 నవంబరు ఉప్పెనకి దాదాపు 10 వేలమంది చనిపోయారు. పల్లపు నేల ఇంకా పల్లమైతే ఏమవుతుందో ఆ ఊళ్ళని అడగండి.

బచావత్ ట్రిబ్యునల్ రాష్ట్రాలకి నీళ్ళు పంచింది. ఆ నీళ్ళ కోసం మనం ఇప్పటికీ కొట్టుకుంటూనే ఉన్నాం. ఒండ్రులో డెల్టా వాటా ఎంత అని మాత్రం ఏ పార్టీ ఎప్పుడూ కొట్లాడలేదు. నీళ్ళు టీఎంసీల్లో కనిపిస్తాయి. మట్టి కనిపించదు, పైగా దాన్ని మనం "పూడిక" అని చెత్తలా పిలుస్తాం.

"అయితే డ్యాములు వద్దంటావా?" అని అడుగుతారు. అనను. కాటన్ ఆనకట్ట రాకముందు ఈ జిల్లాల్లో కరువుకి జనం చచ్చారు. ఆనకట్ట పెట్టిన అన్నం తినే నేను ఇది రాస్తున్నాను. నేనడిగేది లెక్క. చైనాలో పసుపునది మీద షియావొలాంగ్‌ది డ్యాం నుంచి 2002 మొదలు ప్రత్యేకంగా నీళ్ళు వదిలి మట్టిని సముద్రం వైపు తోస్తున్నారు. మన డ్యాముల్లో ఎంతవరకు సాధ్యమో ఇంజనీర్లు తేల్చాలి. ఏ జలాశయంలో ఏటా ఎంత మట్టి ఆగుతోంది, డెల్టాకి ఎంత చేరుతోంది, ఇసుక తవ్వకాల్లో ఎంత పోతోంది, ఈ అంకెలు నీటిమట్టాల్లాగే రోజూ పేపర్లో రావాలి. పోలవరం పూర్తికాకముందే ఈ ప్రశ్న అడగాలి.

2015 పుష్కరాల్లో లక్షలమంది గోదావరికి హారతి పట్టారు. 2027లో మళ్ళీ పడతారు. తల్లి అనే పిలుచుకోండి, నాకు అభ్యంతరం లేదు. కాని ఆషాఢ శ్రావణాల్లో వచ్చే ఎర్రనీళ్ళని చూసి ఒక్కసారి ఆలోచించండి. మన కాళ్ళ కింద నేల ఆ ఎరుపులోంచి పుట్టింది. నీళ్ళు తేటగా వస్తున్నాయని సంతోషించే రోజున మన ఊరు తరిగిపోవడం మొదలైందని అర్థం.

మామ్మ పసుపు రాసిన గవ్వ ఒకటి ఇప్పటికీ నా దగ్గరుంది. పసుపు ఎప్పుడో పోయింది.