తెగిన తీగ కంటె తెగబోయే తీగ ముఖ్యం

కరెంటు పోయినప్పుడు మనమందరం అడిగే ప్రశ్న ఒక్కటే: “ఎప్పుడు వస్తుంది?” ఎందుకు పోయిందని అడిగేవారు కొందరే. ఇకముందు ఎక్కడ తెగబోతున్నదని అడిగేవారు బహు అరుదు. అయితే మన ప్రాణాలను కాపాడేది ఈ మూడవ ప్రశ్నయేనని నా అభిప్రాయం. నేను తెలుగు బోధించేవాణ్ణి. విద్యుచ్ఛాస్త్రం నా విషయం కాదు. అయినా తీగల క్రింద నడిచే ప్రతి మనిషికీ ఈ మాట అనే హక్కు ఉన్నదనుకొంటాను.

గత వేసవిలో కొల్లేటి ప్రాంతపు గ్రామంలో మన విద్యార్థి ఒకరి ఇంటికి వెళ్లాను. చేపల చెరువు గట్టుమీద నడుస్తుంటే తీగ మరీ దిగువగా ఉన్నట్లు తోచింది. విద్యార్థి తండ్రి నన్ను వారించి, “చూసి నడవండి మాస్టారూ! ఏటా గట్టు పెంచుతూనే ఉన్నామండి. తీగ మాత్రం మా నాన్నగారు వరి వేసిన నాటిదేనండి” అన్నారు.

ఆ మాటలో ఒక శాస్త్రమే ఉన్నది. పొలాల మీదుగా పోయే 11 వేల వోల్టుల తీగ నేలకు కనీసం 4.6 మీటర్ల ఎత్తున ఉండాలని మన దేశపు నిబంధన. గట్టు ఒక మీటరు పెరిగితే, స్తంభం అంగుళమైనా కదలకుండానే, ఆ ఎత్తు 3.6 మీటర్లకు దిగుతుంది. ఇనుప గొట్టాన్ని నిలువుగా ఎత్తిన కూలివానికి ఇక మిగిలే ఎడమెంత?

కొల్లేరు కృష్ణా గోదావరి డెల్టాల నడిమి పల్లపు సీమ. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు తెచ్చిన నీరు ఇక్కడ చేరి ఉప్పుటేరు గుండా సముద్రానికి పోవాలి. నీట నానిన మెత్తని నేలలో స్తంభపు పాదు వదులవుతుంది. సరస్సును 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 2006లో దాని హద్దులలోని చేపల చెరువుల గట్లను కొట్టివేయించారు. ఒకచోట పొలం చెరువైనది, ఒకచోట గట్టు పెరిగినది, మరొకచోట కూలినది. నేల మారినచోటనెల్లా తీగ వలని ప్రమాదమూ మారుతుంది. స్తంభం పాతిననాటి అంచనా ఈనాడు చెల్లదు.

గాలి సంగతి చూడండి. దాని వేగం రెట్టింపయితే స్తంభాలపైన, తీగలపైన పడే ఒత్తిడి నాలుగు రెట్లవుతుంది. 1977 నాటి దివిసీమ ఉప్పెనను, 1996 నాటి కోనసీమ తుపానును, 2014 నాటి హుద్‌హుద్‌ను చూచిన మన కోస్తాకు ఇది వేరుగా చెప్పనక్కరలేదు. కాని ప్రతి ముప్పూ తుపానుతోనే రాదు. ప్రవాహం హెచ్చి, ఎండ తోడైతే తీగ వేడెక్కి, సాగి, క్రిందికి వ్రేలాడుతుంది. ఉప్పుగాలీ ధూళీ పింగాణీ ఇన్సులేటర్లపై పేరుకొంటే, మంచు తడికి విద్యుత్తు దొంగదారి పట్టుతుంది. తుప్పు ఇనుమును లోలోపల తినివేస్తుంది.

2018 నవంబరు 8న అమెరికాలోని కాలిఫోర్నియాలో, దాదాపు నూరేళ్లనాటి లైనులో అరిగిపోయిన చిన్న కొక్కెం ఒకటి తెగింది. తీగ జారి రవ్వలు రాలినవి. ఎండిన అడవి అంటుకొని పారడైజ్ అనే పట్టణం దగ్ధమైంది. 85 మంది మరణించారు. ఆ కొక్కెం వెల ఎంత?

ప్రమాదాన్ని అంచనా వేయడమంటే రెండు ప్రశ్నలను కలిపి చూడడం. ఇది చెడే అవకాశమెంత? చెడితే కలిగే నష్టమెంత? ఖాళీ పొలంలో బాగా ఒరిగిన స్తంభం ఒకటి. బడి గుమ్మం మీది తీగకు కొంత అరిగిన బిగింపు ఒకటి. కంటికి మొదటిదే భయంకరం. లెక్కకు రెండవదే ముందు. ఆసుపత్రికీ మంచినీటి పంపులకూ ఏకైక ఆధారమైన లైనుదీ అదే వరుస.

“వేలాది స్తంభాలు, కొద్దిమంది లైన్‌మన్‌లు. అన్నిటినీ చూడడం సాధ్యమా?” అని అడగవచ్చు. సాధ్యం కాదు గనుకనే వరుసక్రమం కావాలి. ఆ క్రమం ఫిర్యాదు చేసినవారి పలుకుబడిని బట్టి గాక, ప్రాణాపాయాన్ని బట్టి ఉండాలి. తివాచీలో వదులైన ముడి ఏదో చేయి వేసి చెప్పగల పనివారు మన ఏలూరులో ఉన్నారు. తీగల విషయంలోనూ మనకు కావలసినది ఆ చూపే.

కళాశాల కమిటీ పెద్దలకు నా మనవి ఒక్కటి. ఈ యేటి ఎన్.ఎస్.ఎస్. శిబిరాన్ని, అక్టోబరు, నవంబరు తుపానులకు ముందే, ఒక కొల్లేటి గ్రామంలో ఈ పనికై నడపండి. విద్యుత్ శాఖవారి అనుమతితో, వారి సిబ్బంది వెంట, విద్యార్థులు దూరం నుండి చూచి ఒక పట్టీ వ్రాయాలి: స్తంభం సంఖ్య, ఒరుగుదల, సిబ్బంది కొలిచి చెప్పిన ఎత్తు, తాకే చెట్లు, క్రింద మనుషుల రాకపోకలు. తాడేపల్లిగూడెంలో 2015 నుండి నడుస్తున్న ఎన్.ఐ.టి. ఆచార్యులను ఒకరోజు ఉపన్యాసానికి పిలువవచ్చు. గట్టు పెంచకముందే శాఖకు తెలుపండని, తెగిన తీగ చెంతకు పోక 1912 నంబరుకు చెప్పండని తెలుగులోనూ ఉర్దూలోనూ ఒక కరపత్రం వేయవచ్చు.

విద్యార్థులారా! మరమ్మతు మన పని కాదు. స్తంభాన్ని మీరు ముట్టుకోరాదు. కాని చూడడం, వ్రాయడం, అడగడం చదువుకొన్నవారి పని. చేతులు కాలినాక ఆకులు పట్టుకొనే అలవాటును ఈ ఒక్క విషయంలోనైనా మానుదాం. ఆ గట్టుమీద రేపు నడిచేది మీ సహాధ్యాయి తండ్రే.