ముప్పై దాటాక ఏ చదువు చదవాలి?



ఈసారి జబ్బుల గురించి కాక, మమ్మల్ని తరచుగా అడిగే ఒక ప్రశ్న గురించి మా అభిప్రాయం చెప్పదలచినాము. ఓ.పి. చీటీ కోసం నిలబడిన తల్లులు, ఆదివారం ఆరాధన అయ్యాక గుడి మెట్ల దగ్గర కలిసే చెల్లెళ్ళు, "అమ్మగారూ, పిల్లలు కాస్త పెద్దవాళ్ళయ్యారు. ఇప్పుడు ఏ డిగ్రీ చదివితే ఉద్యోగం వస్తుంది?" అని అడుగుతుంటారు. ముప్పై, ముప్పై రెండేళ్ళ వయసు. భర్త సంపాదన చాలదు, లేదా భర్తే లేడు. ఉన్న కాస్త బంగారం తాకట్టు పెట్టి చదవాలనుకుంటారు. అలాంటి వారికి నోటికొచ్చిన జవాబు చెప్పలేము.

"ఏదో ఒక డిగ్రీ ఉంటే చాలు" అనే పెద్దలు మన మధ్య చాలామంది ఉన్నారు. వారి మీద గౌరవంతోనే చెబుతున్నాము, ఆ మాట మేము ఒప్పుకోము. పద్దెనిమిదేళ్ళ పిల్ల ఒక కోర్సులో చేరి, నచ్చక మానేసి, ఇంకొకటి చదువుకోవచ్చు. ముప్పై రెండేళ్ళ తల్లికి ఆ వెసులుబాటు లేదు. గోపురం కట్టబోయేవాడు ముందుగా కూర్చుని ఖర్చు లెక్క చూసుకోవాలని ప్రభువు చెప్పిన ఉపమానం మనకు తెలుసు గదా. ఆమె చూసుకోవలసిన లెక్క ఫీజు ఒక్కటే కాదు. ఈ చదువు పూర్తయ్యాక పనిలో పెట్టుకునేది ఎవరు? ఏ కాగితం చూసి పెట్టుకుంటారు?

మాకు తెలిసినది నర్సింగ్ గనుక దాని సంగతే చెబుతాము. కొంతకాలం క్రితం స్టాఫ్ నర్సు ఇంటర్వ్యూకు ఒక సోదరి వచ్చింది. ఏదో పట్టణంలో ఒక ఇన్‌స్టిట్యూట్‌లో ఏడాది నర్సింగ్ కోర్సు చేశానని, రంగుల సర్టిఫికెట్ తెచ్చి చూపింది. ఇంజెక్షన్ చక్కగానే చేయగలదు. కాని నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ లేదు, ఆ కోర్సుకు ఇక రాదు కూడా. రిజిస్ట్రేషన్ లేనివారిని స్టాఫ్ నర్సుగా తీసుకునే వీలు మాకు లేదు. "మరి డబ్బంతా కట్టించుకున్నారే అమ్మగారూ" అని ఆమె అడిగితే మా దగ్గర జవాబు లేదు. మంచినీళ్ళు ఇచ్చి పంపించాము. ఆ రోజు భోజనం సహించలేదు.

కాబట్టి నర్సింగ్ అంటే ఏవో ముందుగా తెలుసుకోండి. ఎ.ఎన్.ఎం. రెండేళ్ళు, జి.ఎన్.ఎం. మూడేళ్ళు, బి.ఎస్సీ. నర్సింగ్ నాలుగేళ్ళు. జి.ఎన్.ఎం. చేసి రిజిస్టర్ అయినవారు మరో రెండేళ్ళు పోస్ట్ బేసిక్ బి.ఎస్సీ. చదివితే వారికీ డిగ్రీ వస్తుంది. బి.ఎస్సీ. నర్సింగ్‌కు ఇంటర్ బై.పి.సి. కావాలి. జి.ఎన్.ఎం.కు ఏ గ్రూపు ఇంటరైనా సరిపోతుంది, అయితే ఇంగ్లీషు ఉండాలి, నలభై శాతం మార్కులు రావాలి. ఎ.ఎన్.ఎం.కూ ఇప్పుడు ఇంటరే అడుగుతున్నారు. ఇంట్లో కూర్చుని పోస్టులో చదివే జి.ఎన్.ఎం. గాని, నాలుగేళ్ళ బి.ఎస్సీ. నర్సింగ్ గాని లేదు. వార్డులో నిలబడాలి, నైట్ డ్యూటీ చేయాలి. చాలా స్కూళ్ళలో హాస్టల్లోనే ఉండాలి. పిల్లలను ఎవరు చూస్తారో అత్తగారితో, భర్తతో ముందే మాట్లాడుకోండి. చేరిన మూడో నెలలో చంటిపిల్లకు జ్వరమని కబురు వచ్చి, ఏడ్చుకుంటూ పెట్టె సర్దుకుని వెళ్ళిన అమ్మాయిని మేము చూశాము.

వయసు సంగతి మరీ ముఖ్యం. ఎ.ఎన్.ఎం., జి.ఎన్.ఎం. కోర్సుల్లో చేరడానికి 35 ఏళ్ళు గరిష్ఠ పరిమితి. ముప్పై ఏడేళ్ళ సోదరి దగ్గర సీటు ఇప్పిస్తానని ఒక బ్రోకరు అడ్వాన్సు తీసుకున్నాడు. సీటూ రాలేదు, డబ్బూ రాలేదు.

ఇదంతా విని భయపడకండి. మా వార్డు ఆయమ్మ ఒకామె ఎనిమిదో తరగతితో బడి మానేసి, ఇరవై నాలుగేళ్ళకు మా దగ్గర పనిలో చేరింది. ఓపెన్ స్కూలులో పదో తరగతి రాసింది. ఆ తర్వాత ఇంటర్ రాసింది, ఇంగ్లీషు రెండుసార్లు తప్పింది. నైట్ డ్యూటీలో రోగులు నిద్రపోయాక ట్రాలీ పక్కన కూర్చుని చదివేది. ముప్పై ఒకటో ఏట ఎ.ఎన్.ఎం.లో చేరింది. ఈ రోజు ఉపకేంద్రంలో పిల్లలకు టీకాలు వేస్తోంది. ఓపెన్ స్కూలుకు పై వయసు హద్దు లేదు. కాని ఆ తర్వాత చేరే కోర్సుకు ఉంటుంది గనుక ఆలస్యం చేయకూడదు.

డిగ్రీ అవసరం లేదని మేము అనము. మేము డిప్లొమాతోనే ఆగిపోయినవారము. పోస్ట్ బేసిక్ చదవమని మా పెద్ద సిస్టరుగారు చెప్పినప్పుడు పిల్లల వంక పెట్టి వాయిదా వేసుకున్నాము. తర్వాత నర్సింగ్ కాలేజీలో పాఠాలు చెప్పే అవకాశాలు వచ్చాయి గాని, డిగ్రీ ఉన్నవారికే. 2018లో ఆయుష్మాన్ భారత్ కింద ఆరోగ్య కేంద్రాలు మొదలయ్యాక వాటికి కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్ల అవసరం వచ్చింది. 2022లో ఆంధ్రప్రదేశ్‌లో ఈ పోస్టులకు పిలిచినప్పుడు బి.ఎస్సీ. నర్సింగ్ అడిగారు. కాబట్టి మా జి.ఎన్.ఎం. సిస్టర్లు ఇప్పుడే పోస్ట్ బేసిక్ అప్లికేషన్లు పెట్టుకోవాలని పోరుతున్నాము. వాళ్ళకు మా పోరు నచ్చడం లేదని తెలుసు.

అందరూ నర్సులే కానక్కరలేదు. రక్తం చూస్తే కళ్ళు తిరిగేవారు రావద్దు. 1982లో మన హైదరాబాదులోనే దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం పెట్టారు, నేడు అంబేద్కర్ పేరుతో ఉన్నది అదే. ఇంటర్ పాసైన గృహిణి అక్కడ బి.ఎ., బి.కాం. చదవవచ్చు, ఏదైనా డిగ్రీ అడిగే ప్రభుత్వ పరీక్షలు రాయవచ్చు. అయితే పరీక్ష రాయగలగడం వేరు, ఉద్యోగం రావడం వేరు. చేస్తున్న చిన్న పని మానుకోకుండా చదివితేనే ఈ దారి మంచిదని మా ఉద్దేశం.

ఏ కోర్సయినా సరే, కాలేజీ పేరు సంబంధిత కౌన్సిల్ జాబితాలో ఉందో లేదో ఎవరైనా చదువుకున్న పిల్లవాడిచేత ఇంటర్నెట్‌లో చూపించుకోండి. నర్సింగ్‌కు మన రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ జాబితా చూడాలి. ఫీజుతోపాటు హాస్టల్, మెస్, యూనిఫాం, పరీక్ష ఫీజులు, జీతం రాని నెలలు, అన్నీ కాగితం మీద రాసుకోండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించి వెంటనే తిరిగి తీసుకోండి, జిరాక్సులే ఇవ్వండి.

ఆదివారం ఆరాధన తర్వాత ఒక గంటసేపు నర్సింగ్ ఆఫీసు తెరిచే ఉంచుతాము. మీకు ఇచ్చిన బ్రోషరు, మీ మార్కుల జిరాక్సు తీసుకుని రండి. డబ్బు కట్టకముందు రండి.