మలివయసులో ఆటపలక

వార్ధక్యంలో దేహబలం తగ్గడంకంటె జ్ఞాపకం సన్నగిల్లడమే మనిషిని ఎక్కువగా కలవరపెడుతుంది. మనదేశంలో 60 ఏళ్ళు పైబడినవారిలో 7.4 శాతం మంది, అంటే దాదాపు 88 లక్షలమంది, డిమెన్షియాతో బాధపడుతున్నారని 2023లో వెలువడిన ఒక అధ్యయనం అంచనా వేసింది. మరపు మొదలైనదని తెలియగానే మనం పెద్దలను టీవీ ముందు కూర్చోబెడుతున్నాం. ఇక వారు కొత్తగా నేర్చుకోగలిగినదేమీ లేదని తీర్మానిస్తున్నాం. ఈ ధోరణి మారాలి. వారికి కొత్త ఆటలు నేర్పాలి.

ఆట అంటే చిన్నచూపు తగదు. ఫ్రాన్సులోని బోర్డో ప్రాంతంలో 3,675 మంది వృద్ధులను 20 ఏళ్ళపాటు పరిశీలించిన పరిశోధకులు, కూర్చుని ఆడే ఆటలు అలవాటున్నవారిలో డిమెన్షియా ముప్పు 15 శాతం తక్కువగా ఉన్నదని 2013లో ప్రకటించారు. అయితే ఆటయే దీనికి కారణమని చెప్పలేము. మెదడు చురుకుదనం తగ్గినవారే ముందుగా ఆట మానివేసి ఉండవచ్చు. కాబట్టి ఆటను ఔషధమని భ్రమించరాదు. మతిమరపు నిత్యకృత్యాలకు అడ్డువస్తుంటే వైద్యుణ్ణి సంప్రదించి తీరాలి.

అన్ని ఆటలూ సమానం కావు. వైకుంఠపాళిలో పందెం ఎలా పడితే అలా నడవడమే తప్ప ఆలోచనకు తావు లేదు. పులిజూదంలో 3 పులులు, 15 మేకలు ఉంటాయి. మేకను నిలిపే ముందు పులి ఎటు దూకగలదో ఊహించాలి. వామనగుంటలలో 14 గుంటల గింజల లెక్కను మనసులో ఉంచుకోవాలి. బాల్యం నుండి ఇవి ఆడినవారికి చదరంగం కొత్త విద్య. ఆ కొత్తదనమే బుద్ధికి పని కల్పిస్తుంది.

"ఈ వయసులో ఏం పట్టుబడుతుంది?" అని కొందరు ప్రశ్నించవచ్చు. నియమాలన్నీ ఒక్కసారే చెబితే ఎవరికైనా కష్టమే. నేడు బంటు నడక, రేపు ఏనుగు నడక చెప్పాలి. మరచినప్పుడు నవ్వక మళ్ళీ చెప్పాలి. జాలితో కావాలని ఓడిపోవడం కూడ వారిని అవమానించడమే.

టీవీ వృద్ధుల నుండి ఏమీ ఆశించదు. ఎదుట కూర్చున్న మనుమరాలు మాత్రం తన ఎత్తుకు తాతయ్య పైఎత్తు వేస్తాడని ఎదురుచూస్తుంది. తననుండి ఇంకా ఎవరో ఏదో ఆశిస్తున్నారన్న భావమే వృద్ధునికి గొప్ప బలం. కళాశాల నుండి ఇల్లు చేరిన యువతీయువకులు రోజుకొక అరగంట ఇందుకు కేటాయించాలి. పెద్దల దగ్గర పులిజూదం నేర్చుకొని, వారికి చదరంగం నేర్పితే ఇరువురికీ మేలు.