రెండు ఆటలు గెలిచి ఇంటికొచ్చేశారు!

మొన్న సంక్రాంతి సెలవుల్లో ఓ రాత్రి. అమలాపురం గడియార స్తంభం సెంటర్. సెకండ్ షో వదిలాక టీ కొట్టు దగ్గర నలుగురం చేరాం. నలుగురు చేరాక గొడవ లేకుండా ఉంటుందా? ఆయ్, కోనసీమ కదండీ మరి!

హీరోల గొడవే అనుకుంటున్నారు కదూ? కాదు మహాప్రభో! ఈ వారం గొడవ ఆటలది. అందులోనూ రూల్సుది.

ముందు పాత్రల పరిచయం. ఒకటి, రాజోలు బావ. ఆయన మెల్లగా మాట్లాడితే ఎదర సెంటర్లోకి వినిపిస్తుంది. రెండు, అమెరికా బావ. పండక్కొచ్చాడు. తెల్లవారుజామున మూడింటికి అక్కడి ఫుట్‌బాల్ మ్యాచ్ ఫోన్లో చూడాలి గనక అప్పటిదాకా మేలుకోవడానికే మాతో సినిమాకొచ్చాడు. మూడు, కొత్తపేట తమ్ముడు. డిగ్రీ చదువుతున్నాడు. నాలుగు, మీ విధేయుడు.

తమ్ముడు సినిమాలో నవ్వలేదు, ఇంటర్వెల్‌లో సమోసా ముట్టలేదు. ఏంట్రా అంటే అప్పుడు కక్కాడు. వాళ్ల ఊళ్లో పండగ వాలీబాల్ పోటీలు. లీగు అయ్యేసరికి మూడు జట్లు సమానం. ఫైనల్‌కి రెండే వెళ్లాలి. నిర్వాహకులు అప్పటికప్పుడు మూడు చీటీలు రాసి, ఓ చిన్నపిల్లాడి చేత రెండు తీయించారు. మావాడి జట్టు చీటీ రాలేదు. చీటీ వచ్చిన జట్టు కెప్టెనేమో వీడి ప్రాణస్నేహితుడు. మూడు రోజులుగా ఇద్దరికీ మాటల్లేవు!

"ఇంక నేను ఆడనన్నయ్యా" అన్నాడు.

★ ★ ★

"ఓస్, దీనికేనా? ఒలింపిక్సులో మనూరి కుర్రాడికి ఏం జరిగిందో మర్చిపోయావా?" అంటూ రాజోలు బావ గొంతు సవరించుకున్నాడు.

మనూరి కుర్రాడంటే చెప్పాలా? రంకిరెడ్డి సాత్విక్ సాయిరాజ్. పుట్టింది ఈ అమలాపురంలోనే. 2023లో గంటకు 565 కిలోమీటర్ల స్మాష్ కొట్టి గిన్నిస్ బుక్కులోకెక్కాడు. చిరాగ్ శెట్టితో జోడీ కట్టి అదే ఏడాది ప్రపంచంలో నంబర్ వన్ అయ్యాడు. బావ చెబుతున్నది అంతకు ముందు రీలు. 2021 జులై, టోక్యో.

గ్రూపులో నాలుగు జోడీలు. పై రెండూ క్వార్టర్ ఫైనల్‌కి. మనవాళ్లు మొదటి మ్యాచ్‌లో చైనీస్ తైపీ జోడీ లీ యాంగ్, వాంగ్ చి-లిన్‌లను 21-16, 16-21, 27-25తో కొట్టారు. ఆ మూడో గేమ్ చూసినవాళ్లకి గోళ్లు మిగల్లేదు! రెండో మ్యాచ్‌లో ఇండోనేషియా జోడీ గిడియోన్, సుకముల్జోల చేతిలో 13-21, 12-21తో ఓడారు. మూడోది బ్రిటన్ జోడీ మీద 21-17, 21-19తో గెలిచారు. మూడింట రెండు గెలుపులు. అయినా ఇంటికి!

"అసలు కత ఇక్కడుంది! మనవాళ్లు ఓడించిన తైపీ జోడీ ఉందే, అదే బంగారు పతకం కొట్టింది. ఛాంపియన్లని కొట్టినోళ్లు ఇంటికి, దెబ్బతిన్నోళ్లు పీఠం మీదకి! ఇదేం రూలయ్యా?" అని బావ బల్ల మీద గుద్దాడు. నా టీ ఒలికింది.

తమ్ముడిలో చలనం వచ్చింది. జేబులోంచి సినిమా టిక్కెట్టు తీసి, వెనకవైపు లెక్క మొదలెట్టాడు.

మనం తైపీని కొట్టాం. తైపీ ఇండోనేషియాని 21-18, 15-21, 21-17తో కొట్టింది. ఇండోనేషియా మనని కొట్టింది. ముగ్గురికీ తలా రెండు గెలుపులు. ఒకరి తోక ఒకరు పట్టుకున్న గుండ్రం! ఎవరు ఎవర్ని కొట్టారని చూస్తే తెల్లార్లూ తిరుగుతూనే ఉంటాం, తేలదు. అందుకని రూలు ప్రకారం గేముల లెక్క తీశారు. ఇండోనేషియా 5 గెలిచి 2 పోగొట్టుకుంది, మిగులు 3. తైపీ 5 గెలిచి 3 పోగొట్టుకుంది, మిగులు 2. మనవాళ్లు 4 గెలిచి 3 పోగొట్టుకున్నారు, మిగులు 1. మూడో స్థానం. శుభం కార్డు.

ఉన్నట్టుండి తమ్ముడు పెన్ను ఆపేశాడు. "అన్నయ్యా, తైపీ మీద ఆ రెండో గేము కూడా మనవాళ్లే గెలిచుంటే?"

లెక్క మళ్లీ వేశాం. మన మిగులు 2 అవుతుంది. తైపీది 1కి పడిపోతుంది. మనమే క్వార్టర్స్‌కి! అంటే మనని ఇంటికి పంపింది ఇండోనేషియా చేతిలో ఓటమి ఒక్కటే కాదు. గెలిచిన మ్యాచ్‌లో వదిలేసిన ఒక్క గేమ్, ఆ 16-21 కూడా! గెలిచాం కదా అని మనం లడ్డూలు పంచుకున్న రోజే విలన్ వెనక తలుపు తీసుకుని లోపలికొచ్చాడన్నమాట.

రాజోలు బావ మొదటిసారి నెమ్మదిగా అన్నాడు: "అయితే రూలు అన్యాయం కాదంటావా?"

★ ★ ★

అప్పుడు అమెరికా బావ నోరు విప్పాడు. వాళ్ల ఫుట్‌బాల్ మన ఫుట్‌బాల్ కాదు. బంతి కోడిగుడ్డు ఆకారం. 2004లో రాజమౌళి 'సై' సినిమాలో చూపించిన రగ్బీకి దగ్గర చుట్టం. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకెళ్లాలి. వెళ్తే మళ్లీ నాలుగు, లేకపోతే బంతి అవతలివాళ్లకి. గీత దాటిస్తే 6 పాయింట్లు, దాన్ని టచ్‌డౌన్ అంటారు. స్తంభాల మధ్య నుంచి తంతే 3. జనవరిలో నాకౌట్ పోటీలు. ఓడితే ఇంటికే, రెండో అవకాశం లేదు.

2022 జనవరి 23. కేన్సస్ సిటీకీ బఫెలోకీ మ్యాచ్. ఆఖరి నిమిషాల్లో ఆధిక్యం అటూ ఇటూ ఊగి ఊగి 36-36 దగ్గర టైమైపోయింది. అదనపు సమయానికి టాస్ వేశారు. అప్పటి రూలు ఏమిటంటే, బంతి ముందు దక్కినవాళ్లు టచ్‌డౌన్ కొడితే అక్కడితో ఆట సరి. కేన్సస్ సిటీ టాస్ గెలిచింది, బంతి తీసుకుంది, టచ్‌డౌన్ కొట్టింది. 42-36. బఫెలో జోష్ అలెన్ ఆ రోజు వీరవిహారం చేశాడు. అదనపు సమయంలో మాత్రం బంతి వాడి చేతికే రాలేదు.

"నాణెం కొట్టిన దెబ్బా?" అన్నాడు రాజోలు బావ.

"ఆగు బావా, ఇంటర్వెల్ ట్విస్టు చెప్పనీ. 2019 జనవరిలో ఇదే కేన్సస్ సిటీ ఇదే రూలు వల్ల న్యూ ఇంగ్లండ్ చేతిలో ఓడింది. అప్పుడు బంతి దొరకనిది వీళ్లకి. రూలు మార్చండని వీళ్లే ప్రతిపాదన పెట్టారు. అప్పట్లో సాగలేదు. మూడేళ్లకి అదే రూలు వీళ్లని గెలిపించింది!"

అత్తగారి కత్తి కోడలి చేతికొచ్చినట్టు!

ఆ తర్వాత 2022 మార్చిలో మార్చారు. నాకౌట్లలో రెండు జట్లకీ బంతి దక్కాల్సిందే అన్నారు. 2025లో మామూలు మ్యాచ్‌లకీ అలాంటి రూలే తెచ్చారు. అయినా బఫెలోకి ఆ మ్యాచ్ తిరిగి రాలేదు. ఇంకో తమాషా చూడండి. 2024 ఫిబ్రవరి 11న సూపర్ బౌల్ ఫైనల్. 19-19. శాన్ ఫ్రాన్సిస్కో టాస్ గెలిచి ముందు బంతి తీసుకుని 3 పాయింట్లు తెచ్చుకుంది. కేన్సస్ సిటీ టచ్‌డౌన్ కొట్టి 25-22తో కప్పు ఎత్తుకుపోయింది. మ్యాచయ్యాక శాన్ ఫ్రాన్సిస్కో ఆటగాళ్లు కొందరు "రూలు మారిన సంగతి మాకు తెలియదు" అన్నారు! డైలాగు చదవకుండా కెమెరా ముందుకెళ్లినట్టు లేదూ?

మనకి 2019 జులై 14 క్రికెట్ ఫైనల్ గుర్తుంది కదా. మ్యాచ్ సమానం, సూపర్ ఓవర్ సమానం, చివరికి బౌండరీలు లెక్కపెట్టి ఇంగ్లండ్‌కి కప్పిచ్చారు. న్యూజిలాండ్ కెప్టెన్ విలియమ్సన్ గొడవ పడలేదు. ఆ అక్టోబరులో ఆ రూలు తీసేశారు. అక్కడా మార్పు రాబోయేవాళ్ల కోసమే.

★ ★ ★

ఇదంతా మనకి కొత్తేమీ కాదండోయ్! సినిమా వంద రోజుల లెక్కలు గుర్తులేవా? మా హీరో సినిమా ఇన్ని సెంటర్లలో వంద రోజులంటే, అవతలివాళ్లు "డైరెక్టుగానా, షిఫ్టింగుతో కలిపా?" అనేవారు. "రోజుకి నాలుగాటలా, నూన్ షో ఒక్కటేనా?" అని ఇంకొకడు. ఇప్పుడు రోజుల లెక్క పోయి కోట్ల లెక్క వచ్చింది. తగువు మాత్రం అదే. ఎందుకంటారా? ఎలా లెక్కపెట్టాలో ముందు అనుకోలేదు. సినిమా వచ్చాక ఎవడికి లాభమైన కొలబద్ద వాడు పట్టుకొచ్చాడు.

అక్కడే నాకు లైటు వెలిగింది.

"తమ్ముడూ, టోక్యో రూలు కఠినమే. కానీ మొదటి సర్వీసు వేయకముందే అందరి ముందూ ఉంది. ఆ ప్రకారమే మనవాళ్లు ఓడారు, ఆ ప్రకారమే తైపీ గెలిచింది. అమెరికావాళ్ల పాత రూలూ ముందే ఉంది, కాకపోతే నాణేనికి మరీ పెద్ద పాత్ర ఇచ్చింది. అందుకే మార్చారు. నీ గొడవ వేరు. మీ ఊళ్లో అసలు రూలే లేదు. ఆట అయిపోయాక పుట్టింది."

"అంటే చీటీ తప్పే కదన్నయ్యా?"

"చీటీ తప్పు కాదురా. 2012 లండన్ ఒలింపిక్స్‌లో ఏం జరిగిందీ? మహిళల డబుల్స్‌లో నాలుగు జోడీలు, క్వార్టర్స్‌లో తేలికైన ప్రత్యర్థి దొరుకుతారని కావాలని ఓడిపోవాలని చూశాయి. సర్వీసు నెట్‌కి కొట్టడమే! జనం గోల పెట్టారు. ఎనిమిది మందినీ వెళ్లగొట్టారు. 2016 నుంచి ఏం చేశారంటే, గ్రూపులో రెండో స్థానం వచ్చినవాళ్లకి క్వార్టర్స్‌లో ఎవరు తగులుతారో గ్రూపు ఆటలన్నీ అయ్యాక చీటీ తీసి తేలుస్తామన్నారు. ఓడి లాభపడే దారి మూసుకుపోయింది. అక్కడ చీటీయే న్యాయం కాపాడింది. ఎందుకంటే చీటీ తీస్తామని ముందే చెప్పారు!"

తమ్ముడు టిక్కెట్టు మడిచి జేబులో పెట్టుకున్నాడు. కాస్సేపాగి అడిగాడు: "మరి వాడి తప్పేముంది?"

వాడంటే ప్రాణస్నేహితుడు. ఆ ప్రశ్న మేమెవరం అడగలేదు, వాడే అడుక్కున్నాడు. చీటీ ఆ స్నేహితుడు రాయలేదు, తీయలేదు. వాడి పేరు రాకపోతే వాడూ ఇలాగే ఏ టీ కొట్టు దగ్గరో నిలబడి ఉండేవాడు.

తమ్ముడు ఫోన్ తీసి పక్కకెళ్లాడు. రాత్రి ఒంటిగంటకి ఎవరికి చేశాడో మీకు చెప్పక్కర్లేదు. తిరిగొచ్చి, "వచ్చే పండక్కి రూల్సు మేమిద్దరం కూచుని రాస్తాం. మొదటి మ్యాచ్‌కి ముందే రామాలయం గోడకి అంటిస్తాం" అన్నాడు. సమోసా కూడా అడిగాడు. కొట్టు కట్టేశారు, అది వేరే విషయం!

★ ★ ★

క్లైమాక్స్ చెప్పకుండా వదిలితే మీరు ఊరుకోరు. టోక్యో తర్వాత సాత్విక్, చిరాగ్ "ఇంక ఆడం" అనలేదు. పది నెలలు తిరక్కుండా, 2022 మే 15న బ్యాంకాక్‌లో థామస్ కప్ ఫైనల్. ఎదురుగా ఇండోనేషియా. టోక్యోలో తమని ఓడించిన సుకముల్జో ఈసారి మొహమ్మద్ అహ్సాన్‌తో కలిసి దిగాడు. మొదటి గేమ్ 18-21తో పోయింది. రెండోదాంట్లో ఓటమి అంచుదాకా వెళ్లి 23-21తో లాక్కున్నారు. మూడోది 21-19. భారత్ 3-0తో నెగ్గి మొట్టమొదటిసారి థామస్ కప్పు ఎత్తింది. ఆ ఒక్క గేమ్ వదలకూడదని మనవాళ్లకి ఎక్కడ తెలిసిందంటారు? నేనైతే టోక్యోలోనే అంటాను.

రాజోలు బావ మాత్రం ఇప్పటికీ ఒప్పుకోలేదు. "ఆ పతకం మనదేనయ్యా" అంటూనే ఉన్నాడు. అభిమానం కదండీ, దానికి రూల్సు ఉండవు!

మీ ఊరి పోటీల్లో ఏ రూలు మార్చాలంటారు? ఆలోచించి పెట్టుకోండి. కానీ మీ జట్టు ఓడాక కాదు, ఆట మొదలవకముందే!

వచ్చే వారం మళ్లీ కలుద్దాం.