డిలన్ అరువు

బాబ్ డిలన్ 2006లో, తన 65వ యేట వెలువరించిన 'మోడర్న్ టైమ్స్' ఆల్బమ్ అమెరికా అమ్మకాల పట్టికలో ప్రథమస్థానం పొందింది. 1976 నాటి 'డిజైర్' తర్వాత ఆయనకు ఆ స్థానం మళ్ళీ దక్కింది అప్పుడే. శ్రోతలు మాత్రం రెండుగా చీలారు.

గొంతు బొంగురుపోయిందన్న ఆక్షేపణను నేనంగీకరించను. ఆ పాటలకు ఆ జీరే అందం. రెండవ ఆక్షేపణ బరువైనది. 19వ శతాబ్దపు అమెరికన్ కవి హెన్రీ టిమ్‌రాడ్ పదబంధాలు కొన్ని ఈ పాటల్లో ఉన్నాయి; ఆయన పేరు మాత్రం ఆల్బమ్‌లో ఎక్కడా లేదు.

జానపద సంప్రదాయంలో అరువు సహజమేనని అభిమానుల వాదన. నిజమే. కానీ టిమ్‌రాడ్ కర్త తెలియని జానపదం కాదు; 1867లో పేదరికంలో, క్షయతో కన్నుమూసిన కవి. ఒక్క పంక్తిలో ఆ పేరు చేర్చితే డిలన్‌కు తరిగేదేముంది?

ఈ ఆల్బమ్‌ను ఇప్పటికీ ప్రేమతోనే వింటాను. అందుకే అడుగుతున్నాను. మీరేమంటారు?