విశ్రాంతి సోమరితనమా?

దిల్‌సుఖ్‌నగరము మొదలు ఎల్బీనగరము వఱకు, బెజవాడ మార్గమున రాత్రి పది కావచ్చినను బట్టల దుకాణముల దీపము లాఱవు. అందు చీరలు మడచు పడుచు ఉదయము పదింటికి వచ్చినది. ఇంకను నిలిచియే యున్నది. ఆఱు దినములకు 72 గంటలు! 2023లో నొక సంస్థాధిపతి యువజనులు వారమునకు 70 గంటలు పనిచేయవలెనని బోధించెను. ఆ బోధ యీమె కేల?

ఫ్రాన్సున 1936లో రెండు వారముల వేతనపు సెలవు చట్టమయ్యెను. 1982లో నది యైదు వారములయ్యెను. ఆ దేశము దరిద్రమయ్యెనా? కేరళమున దుకాణపు పనివారికి కూర్చుండు హక్కు 2018లో లభించెను. మనకును 1988 నాటి దుకాణముల చట్టము గలదు: దినమునకు 8 గంటలు, వారమున కొక సెలవు, 240 దినములు పనిచేసినవారికి ఏటికి 15 దినముల వేతనపు సెలవు. అడిగినచో కొలువు పోవునని గుమాస్తా భయము.

సెలవు సోమరితనమని తలచు సోదరులారా! మన వేదపాఠశాలలందు అష్టమీ చతుర్దశులు అనధ్యాయములు కావా? వేదమునకే విశ్రాంతి నొసగిన జాతి చీరలమూటకు నొసగజాలదా?

మనమును నిర్దోషులము కాము. రాత్రి తొమ్మిదింటికి బేరమాడ బోవువారము మనమే. ఇకనైన ప్రొద్దు క్రుంకకముందే కొనుగోలు ముగింతము, వెల యడుగుటకు ముందు, “మీ పనివారికి సెలవెన్నడు?” అని యడుగుదము.