సైకిలుకు రాయితీ ఎవరి పాలగుచున్నది?

2025 సెప్టెంబరు 22వ తేదీనుండి సైకిళ్లమీదను, వాని విడిభాగములమీదను జి.ఎస్.టి. నూటికి 12 నుండి 5కు దిగినది. ఆ తగ్గింపును మేము మనసార స్వాగతించితిమి. ఇప్పుడు నగరములలోని విద్యావంతులు కొందఱు మఱియొక మెట్టెక్కి, కచేరీలకు సైకిలుపై పోవువారికి ఆదాయపు పన్నులో గూడ మినహాయింపు కావలెనని కోరుచున్నారు. పొగ తగ్గును, పెట్రోలు మిగులును, ఒడలికి ఆరోగ్యము చేకూరునని వారి వాదము. ఈ మూడు మాటలును నిజములే. కాని పన్నుల విషయమున మంచిమాట చెవిని బడినప్పుడెల్ల, ఆ మంచి ఏ యింటి గడప దొక్కునో లెక్క చూచుట ప్రజాపక్షమున నిలువదలచిన పత్రికకు విధి. మేము లెక్క చూచితిమి. ఈ మినహాయింపు కలవారి యింటనే ఆగిపోవునని మా నిశ్చయము.

మొదట సైకిలు త్రొక్కువాడెవడో చూతము. రాచర్లనుండి గిద్దలూరు పోవు బాటపై ప్రొద్దుపొడుపు వేళ నిలిచినచో మోటారు సైకిళ్ల మ్రోతలో త్రొక్కుడు సైకిలు గంట వినబడుటయే అరుదు. ఒకప్పుడు బడిపంతులును, గుమాస్తాయును, తపాలా బంట్రోతును, పాలవాడును ఒక్క తీరున సైకిలుమీదనే పోవుచుండిరి. వాయిదాలపై మోటారు బండి దొరకసాగిన నాటినుండి చేతనైనవాడెల్ల దానికి మారెను. ఇక మిగిలినదెవరు? వాయిదా కట్టజాలని కూలివాడు. ఈ వయసున మోటారు బండి మాకేల యను ముసలివాడు. హేండిలుకు పాలక్యాను తగిలించుకొని పోవు చిన్నరైతు. మార్కాపురమున పలకల పనికి పోవు శ్రామికుడు. పల్లెనుండి ఉన్నత పాఠశాలకు వచ్చు ఆడపిల్ల. దేశము మొత్తముమీద 2011 జనాభా లెక్కలు చూచినను, సేద్యమును ఇంటి పరిశ్రమయు గాక ఇతర వృత్తులవారిలో పనికి సైకిలుపై పోవువారు రెండున్నర కోట్లకు మించి యుండిరి. మోటారు సైకిలు, స్కూటరువారి సంఖ్యకంటె అది తక్కువ కాదు. వీరు సరదాకు త్రొక్కువారు కారు.

వీరిలో ఆదాయపు పన్ను కట్టువాడెవడు? 2025–26 సంవత్సరమునకు మన రాష్ట్రమున ఉపాధి హామీ కూలి దినమునకు 307 రూపాయలని నిర్ణయింపబడెను. సంవత్సరములో 365 దినములును ఒక్క నాగా లేక ఆ కూలి దొరకినదనుకొన్నను మొత్తము 1,12,055 రూపాయలు. అదే సంవత్సరమునుండి క్రొత్త పద్ధతిలో 12 లక్షల ఆదాయము వఱకు పన్నే లేకుండ చేసిరి. కూలివాని కలలోని ఆదాయము గూడ ఆ హద్దులో పదియవ వంతునకు చేరదు. పన్ను కట్టనివానికి పన్నులో మినహాయింపు ఇచ్చుట, చేను లేనివానికి నీటితీరువ తగ్గించుట వంటిది.

మినహాయింపు నడచు తీరును సామాన్యులకు ఎవరును విప్పి చెప్పరు గనుక ఇచ్చట కొంచెము ఆగుదుము. విద్యుత్తు బండ్ల విషయమున ఇది ఒకమారు జరిగియే యున్నది. 2019 ఏప్రిలు మొదలు 2023 మార్చి వఱకు మంజూరైన అప్పులతో విద్యుత్తు కారు గాని, స్కూటరు గాని కొన్నవారికి, ఆ అప్పుపై కట్టు వడ్డీలో ఏటా లక్షా ఏబదివేల వఱకు ఆదాయమునుండి తీసివేసికొనవచ్చునని 80 ఇ.ఇ.బి. సెక్షను చెప్పినది. చట్టపు మాట అందఱికి ఒక్కటే. ఫలితము మాత్రము ఒక్కటి కాదు. నూటికి 30 వంతున పన్ను కట్టు శ్రీమంతునికి ఆ లక్షా ఏబదివేలవలన 45,000 రూపాయలు మిగులును. నూటికి 20 వంతున కట్టు నడితరగతి వానికి 30,000. పన్ను కట్టని చిల్లర వర్తకునికి సున్న. అంత వడ్డీ కట్టవలెనన్న ఎంత పెద్ద అప్పు చేయవలెనో, అంత అప్పు ఏ బ్యాంకు ఎవనికిచ్చునో చదువరులే ఊహింతురు గాక. ఆదాయము పెరిగినకొలది దానము పెరుగునట్టి ధర్మమును మన పురాణములలో మేము చూడలేదు.

సైకిలుకును ఇదియే వర్తించును. ఇరువదివేల సైకిలు వెలను ఆదాయమునుండి తీసివేయనిచ్చినచో పై తరగతివానికి ఆరువేలు మిగులును. ఆ ఆరువేలతో మా రాచర్లలో ఒక సాదా సైకిలు క్రొత్తదే కొనవచ్చును. అనగా ఒక అధికారి గేర్ల సైకిలుకు ఇచ్చు రాయితీలో ఒక కూలివాని సైకిలు మునిగిపోయినదన్నమాట. న్యాయవాద వృత్తిలో నున్న మాబోంట్లును ఆ లాభము పొందువారిలోనే చేరుదుము; కనుక ఈ మాట అసూయచే వ్రాయుచున్నారని మమ్మెవరును అనజాలరు.

కంభము చెరువు క్రింద సేద్యము చేయువారికి ఈ సంగతి వేఱుగ బోధింపనక్కఱలేదు. తూమునకు దాపున నున్న మడి మొదట తడియును. కాలువ చివరి భూమి ఆకాశము వంక చూచును. పన్ను రాయితీ అనునది తూము దగ్గఱివానికై త్రవ్విన కాలువ.

ఇతర దేశముల అనుభవమును ఇదియే. ఇంగ్లాండులో 1999నుండి ఉద్యోగులు జీతములో కొంత వదలుకొని, దానిపై పన్ను లేకుండ సైకిలు పొందు పద్ధతి నడచుచున్నది. నూటికి 40 వంతున పన్ను కట్టువానికి 20 కట్టువానికంటె హెచ్చు మిగులుచున్నది. జీతము కనీస వేతనముకంటె తగ్గరాదను నియమముండుటచే, కనీస వేతనముపై బ్రతుకు పనివానికి ఆ ద్వారము మూసియే యున్నది. స్వంత వృత్తి చేసికొనువారికిని చోటు లేదు. అమెరికాలో 2009నుండి సైకిలుపై పనికి వచ్చువానికి యజమాని నెలకు 20 డాలర్ల వఱకు పన్ను లేకుండ ఇయ్యవచ్చునని యుండెను. కారు నిలుపు తావునకు మాత్రము అంతకు ఎన్నో రెట్లు అనుమతించిరి! ఆ చిన్న రాయితీని 2018నుండి ఆపి, 2025లో శాశ్వతముగ తీసివేసిరి.

ఇక జి.ఎస్.టి. తగ్గింపు మాట. ఇది ఆదాయపు పన్ను మినహాయింపుకంటె మేలైనది. కొన్నవాడెవడైనను కొంత దక్కును. అయినను లెక్క చూడుడు. 5,000 మూలధర గల సాదా సైకిలుపై పూర్వము 600 పన్ను, ఇప్పుడు 250, మిగులు 350. 50,000 ధర గల గేర్ల సైకిలుపై 6,000 పన్ను 2,500 అయినది, మిగులు 3,500. కూలివానికి 350 అనగా ఒక దినపు కూలికి పైమాట. అతడు కాదనడు, మేమును కాదనము. కాని ఖజానా వదలుకొన్న సొమ్ములో ఒక గేర్ల సైకిలువాడు పదిమంది కూలివారి పాలు పట్టుకొనిపోయినాడు. ఆ గేర్లును చాలవఱకు విదేశపు సరకే. లూధియానాలోను, అంబత్తూరులోను మన శ్రామికులు చేసిన నల్లని సాదా సైకిలును కొనువాడే స్వదేశి వ్రతమును ఎఱుగకయే ఆచరించుచున్నాడు. 1951లో సోనిపట్టున పుట్టిన అట్లాసు సైకిళ్ల సంస్థ తన చివరి కార్ఖానాను 2020 జూను 3న, సరిగా ప్రపంచ సైకిలు దినమునాడే, మూసివేసినదన్న వార్త చదివి మేము చింతిల్లితిమి.

మఱియొకటి. మా ప్రాంతపు పేదవాడు క్రొత్త సైకిలు కొనుట తక్కువ. ఎవరో మోటారు బండికి మారి మూల బెట్టిన దానిని బేరమాడి కొనును. ఆ బేరమున జి.ఎస్.టి. లేదు, రాయితీయు లేదు. అతని ఖర్చంతయు తరువాతనే: ముండ్ల బాటలో పంక్చరు, అరిగిన టైరు, సాగిన చైను. టైరు ట్యూబులపై పన్ను మునుపే నూటికి 5 ఉండినది గనుక ఈ తగ్గింపువలన వానికి కలిసివచ్చినదేమియు లేదు.

వెలను బట్టి భేదము చూపుట పన్ను శాస్త్రమున సాధ్యము కాదని చెప్పువారున్నారు. వారు తమ కాళ్లవంక చూచుకొందురు గాక. అదే సెప్టెంబరు 22నుండి జత 2,500 రూపాయల లోపు చెప్పులపై నూటికి 5, ఆపైన 18 పన్ను వేయుచున్నారు. చెప్పులకు చేతనైన వివేకము సైకిలుకు ఏల చేతగాదు? పదివేల లోపు సైకిలుకును, అన్ని విడిభాగములకును పన్ను పూర్తిగ తీసివేసి, దానికి మించిన సైకిలుకు మునుపటి 12 ఉంచినను ఎవరును ఆకలితో నుండరు.

ఎదిరిపక్షమున ఒక బలమైన వాదము కలదు. దానిని దాటవేయుట న్యాయము కాదు. “పేదవాడు ఎట్లును సైకిలే త్రొక్కుచున్నాడు. కారు దిగవలసినవాడు ధనికుడు. వానిని దింపుటకే ఈ ఎర” అందురు. సరే. అట్లయిన దీనిని సామాన్యుల మేలు అని పిలువక, ధనికునికి ఇచ్చు లంచమని స్పష్టముగ చెప్పి, లంచము పనిచేసినదా యని లెక్క చూపవలెను. కారు దిగక, ఆదివారపు వ్యాయామమునకై కొన్న సైకిలుకును ఆ సొమ్ము పోవుచున్నదా లేదా? హైదరాబాదులో బాహ్యవలయ రహదారి ప్రక్కన 23 కిలోమీటర్ల సైకిలు బాటను, పైన సౌరఫలకముల కప్పుతో, 2023 అక్టోబరులో తెఱచిరి. చూడ ముచ్చటయైన పని, మేము నిందింపము. కాని ఎండలో ఇటుకల పనికి పోవు తాపీవాని సైకిలుకు ఆ నీడ ఎంత తగులుచున్నది? తెలంగాణ ప్రభుత్వము 2024 నవంబరులో, 2026 డిసెంబరు 31 వఱకు విద్యుత్తు బండ్లకు రహదారి పన్ను పూర్తిగ మినహాయించుచు ఉత్తర్వు చేసినది. 20 లక్షల కారుపై ఆ మినహాయింపు రెండు లక్షలకు మించును. ఎన్నడును పొగ విడువని త్రొక్కుడు సైకిలువానికి, అతడు పొగ విడువనందులకు, ఏమిచ్చిరి?

ఈ దేశమున పన్ను ప్రశ్న ఎప్పుడును లెక్కల ప్రశ్న మాత్రమే కాదు. చీరాల పేరాల ప్రజలు 1921లో ఇండ్లు విడిచి రామనగరమున పాకలు వేసికొన్నది మునిసిపలు పన్నుల మూలముననే. 1930లో మహాత్ముడు దండికి నడచినది, పేదవానిపై నెక్కువ బరువు మోపు పన్నును ఎత్తివేయించుటకే. ఆ ఉప్పు పన్ను 1947లో పోయినది. మునిసిపాలిటీలు సైకిలుకు పన్ను వేసి బిళ్ల ఇచ్చిన కాలమును పెద్దలు ఎఱుగుదురు. బిళ్ల లేని సైకిలును బిళ్ల బంట్రోతు వీథిలో నిలిపి పట్టుకొనెడివాడు. పన్ను వేయునాడు పేదవాని సైకిలు సర్కారు కంటికి అంత స్పష్టముగ కనబడెను. రాయితీ ఇచ్చునాడు అదే కంటికి పొర గ్రమ్ముట వింత.

రాయితీ అక్కఱలేదని మా మాట కాదు. రాయితీని పన్ను గుండ గాక చేతిలో పెట్టుడని మా కోరిక. దీనికి ఋజువు బీహారునందు కలదు. 2006లో అచ్చటి ప్రభుత్వము తొమ్మిదవ తరగతి చేరు ప్రతి బాలికకును సైకిలు కొనుటకు 2,000 రూపాయలు నగదుగ నిచ్చెను. తండ్రి పన్ను కట్టునా యని ఎవరును అడుగలేదు. కార్తీక్ మురళీధరన్, నిషిత్ ప్రకాశ్ అను ఆర్థికవేత్తలు పరిశోధించి, ఆ పథకము వలన ఉన్నత పాఠశాలలలో బాలికల చేరిక నూటికి 32 పెరిగినదనియు, బాలురకును బాలికలకును గల వ్యత్యాసము నూటికి 40 తగ్గినదనియు తేల్చిరి. బడి దూరమైన పల్లెలలోనే ఆ మేలు ఎక్కువగ కనబడెను. మన రాష్ట్రమునను 2014–19 నడుమ ‘బడికొస్తా’ యను పేర ప్రభుత్వ పాఠశాలల బాలికలకు సైకిళ్లు పంచిరి. ఇట్టి పనులు మంత్రివర్గము మారినపుడెల్ల మారక, చట్టముగ నిలువవలెను. నల్లమల అంచున జె.పి.చెరువు వైపు పల్లెలనుండి రాచర్లకు చదువుకొన వచ్చు పిల్లకు, బస్సు తప్పిన దినమున చదువు తప్పరాదు. పనికి పోవు కూలివానికి సైకిలు కొనుటకో, పాతది బాగుచేయించుకొనుటకో ఏటికొకమారు కొంత నగదు అతని ఖాతాలో వేయుట నేడు ప్రభుత్వమునకు కష్టము కాదు. వేఱు పథకముల సొమ్ము అట్లే చేరుచున్నది గదా.

కేంద్ర బడ్జెటుతో పాటు ఏటేట పన్ను మినహాయింపులవలన ఖజానా కోల్పోవు సొమ్ముపై ఒక పట్టిక ప్రకటింతురు. సైకిలుకు మినహాయింపు తెచ్చుటకు ముందు, విద్యుత్తు బండ్ల వడ్డీపై ఇచ్చినది ఏ ఆదాయపు తరగతివారికి ఎంత చేరినదో ఆ పట్టికలో చేర్చి చూపవలసినదని మార్కాపురము, గిద్దలూరు ప్రాంతముల పఠనమందిరములును పంచాయతులును తీర్మానములు చేసి, బడ్జెటు సమావేశములకు ముందే లోకసభ సభ్యునికి పంపవలెనని కోరుచున్నాము. రాష్ట్ర శాసనసభ్యులను అడుగవలసినది వేఱు: గిద్దలూరు రాచర్ల గేటునుండి రాచర్ల వఱకు బాట అంచున సైకిలు దిగకుండ పోగల ఒక మూర వెడల్పు గట్టినేల ఎప్పుడు వేయింతురు?